మూత్రపిండం చేసే నీటి పొదుపు



ఇవాళ నేను చెప్పబోయేది నలుగురిలో మాట్లాడుకోవడానికి మనం కాస్త మొగమాటపడే విషయం. మూత్రం సంగతి. జ్వరం వస్తే చెప్పుకుంటాం, తలనొప్పి వస్తే చెప్పుకుంటాం. ఇది మాత్రం సొంత అక్కచెల్లెళ్లతో కూడా చెప్పుకోం. కాని మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల ఆడవాళ్లం ఈ మొగమాటాన్ని పక్కన పెట్టక తప్పని రోజులు వచ్చాయి. ఎందుకో ముందుముందు మీకే తెలుస్తుంది.

మొదట ఒక చిన్న ప్రశ్న. వైశాఖమాసపు ఎండలో జీడితోటలో రోజల్లా పనిచేసి వచ్చిన అక్కచెల్లెళ్లు ఇద్దరున్నారనుకోండి. ఇద్దరూ తాగింది చెరో రెండు చెంబుల నీళ్లే. సాయంత్రం అక్కకి మూత్రం ముదురు పసుపురంగులో కొద్దిగా అయింది. చెల్లెలికి నీళ్లలా తెల్లగా, ధారాళంగా అయింది. ఈ ఇద్దరిలో ఎవరి మూత్రపిండాలు బాగున్నట్టు?

చెల్లెలివే బాగున్నాయి అంటారు మనలో చాలామంది. "నీళ్లలాగ తేటగా అవతాది గదా, నాకేటి రోగం?" అని ధీమాగా ఉండేవాళ్లు ఊరూరా ఉన్నారు. కాని ఆలోచించవలసింది ఆ చెల్లెలి గురించే. అక్కకి కావలసింది ఇంకో నాలుగు చెంబుల నీళ్లు. చెల్లెలికి కావలసింది వైద్యుడు. ఇది అర్థం కావాలంటే మూత్రపిండం లోపల ఏం జరుగుతుందో కొంచెం తెలుసుకోవాలి.

మూత్రపిండాలు రెండు. నడుముకి కాస్త పైన, వెన్నెముకకి అటొకటి ఇటొకటి, చిక్కుడుగింజ ఆకారంలో ఉంటాయి. ఒక్కొక్కటీ మన గుప్పెడంత. బరువు 150 గ్రాములకి అటూఇటూ. ఇంత చిన్న అవయవాలకి గుండె పంపే రక్తంలో దాదాపు అయిదో వంతు చేరుతుంది. అంటే నిమిషానికి ఇంచుమించు ఒక లీటరు రక్తం వీటిగుండా ప్రవహిస్తుందన్నమాట.

మూత్రపిండాన్ని నిలువుగా కోసి చూస్తే రెండు పొరలు కనిపిస్తాయి. బయటిది వల్కలం, లోపలిది దవ్వ. ఈ రెండింటిలోనూ సన్నటి గొట్టాలు వేలు కాదు, లక్షలు ఉంటాయి. ఒక్కొక్క మూత్రపిండంలో సుమారు పది లక్షలు. వీటికే నెఫ్రాన్లని పేరు. మన పిల్లలు పాఠాల్లో వృక్కనాళికలని చదువుకుంటారు. నెఫ్రాన్ అంటే చిన్న వడపోత యంత్రం అని చెప్పేసి ఊరుకుంటారు గాని, వడపోత దాని పనిలో మొదటి మెట్టు మాత్రమే. అసలు నేర్పంతా తరువాతిదే.

ఒక్క నెఫ్రాన్‌ని తీసుకుందాం. దాని తలభాగం వల్కలంలో ఉంటుంది. అక్కడ సన్నని రక్తనాళాలు చుట్టలు చుట్టుకుని ఒక ఉండలా ఉంటాయి. దీని పేరు గ్లోమరులస్. లాటిన్ భాషలో ఆ మాటకి చిన్న నూలు ఉండ అని అర్థం. పొందూరు నేతగాళ్ల ఇళ్లు చూసినవాళ్లకి ఆ ఆకారం వేరే చెప్పనక్కరలేదు. ఇటలీ శాస్త్రజ్ఞుడు మాల్పిఘీ 1666లో ఈ ఉండలను మొదటిసారిగా వర్ణించాడు. ఈ ఉండను చుట్టి పట్టుకున్న గిన్నెలాంటిదాన్ని బౌమన్ గుళిక అంటారు. ఆ గిన్నె అడుగునుంచే గొట్టం మొదలవుతుందని బౌమన్ అనే ఇంగ్లీషు వైద్యుడు 1842లో చూపించాడు.

ఉండలోకి రక్తం ఒత్తిడితో వస్తుంది. ఆ ఒత్తిడికి రక్తంలోని నీరు, ఉప్పు, చక్కెర, యూరియా మొదలైనవన్నీ గిన్నెలోకి వడిసిపోతాయి. ఎర్రకణాలు, పెద్ద పెద్ద మాంసకృత్తులు మాత్రం రక్తంలోనే ఉండిపోతాయి. ఇలా వడిసే నీరు రోజుకి ఎంతో తెలుసా? 180 లీటర్లు. పదిహేను లీటర్ల బిందెలతో లెక్కవేస్తే పన్నెండు బిందెలు! మన ఒంట్లో రక్తంలోని ద్రవభాగం మొత్తం మూడు లీటర్లే. అంటే ఆ మూడు లీటర్లూ రోజుకి అరవైసార్లు వడపోతకు వెళ్లివస్తున్నాయన్నమాట.

మరి మనం విసర్జించేది ఎంత? లీటరో, లీటరున్నరో. మిగిలిన 178 లీటర్ల పైచిలుకు నీరు తిరిగి రక్తంలోకి వెళ్లిపోతోంది. ఆ వెళ్లిపోవడం ఎలాగన్నదే ఇవాళ్టి కథ.

అంత నీటిని బయటికి వడపోసి, మళ్లీ వెనక్కి లాక్కోవడం ఎందుకు, చెడ్డదాన్ని మాత్రమే ఏరి పారేస్తే పోదా అని మీకు అనిపించవచ్చు. అటక సర్దేటప్పుడు మనం ఏం చేస్తాం? పైనున్నవన్నీ కిందికి దించేస్తాం. కావలసినవి ఒక్కొక్కటీ చూసుకుని పైకెక్కిస్తాం. మిగిలింది చెత్తే. చెత్తలో ఏమేమి ఉందో పేరు పేరునా తెలియనక్కరలేదు. మూత్రపిండమూ ఇలాగే చేస్తుంది. కావలసినవేవో దానికి తెలుసు. వాటిని వెనక్కి తీసుకుంటుంది. మనం ఏ మందు మింగినా, ఏ కొత్త పదార్థం ఒంట్లో చేరినా చాలామటుకు ఈ దారినే బయటపడడానికి కారణం అదే.

గిన్నెనుంచి బయలుదేరిన గొట్టం మొదట కొంతదూరం మెలికలు తిరుగుతుంది. వడిసిన నీటిలో మూడింట రెండు వంతులు, చక్కెర యావత్తూ ఇక్కడే వెనక్కి చేరిపోతాయి. ఈ భాగం చేసే పని చాలా ఎక్కువ, తినే ప్రాణవాయువూ ఎక్కువ. అందుకే రక్తం తగ్గినా, విషపదార్థం తగిలినా ముందు దెబ్బతినేది ఇదే. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్లీ అవసరం వస్తుంది.

తరువాత గొట్టం వల్కలం వదిలి తిన్నగా దవ్వలోకి దిగుతుంది. కొంతలోతుకి దిగి, వెంట్రుకలకి పెట్టుకునే పిన్నులా వంగి, మళ్లీ పైకి వస్తుంది. దీన్ని 1862లో జర్మనీ దేశపు హెన్లీ గుర్తించాడు. మన పాఠ్యపుస్తకాలలో హెన్లీ శిక్యం అని రాస్తారు. శిక్యమంటే మరేమీ కాదు, మన ఇళ్లలో వేలాడే ఉట్టి. పేరు చక్కగా కుదిరింది. ఈ ఉట్టి దేనికోసమో చాలాకాలం ఎవరికీ బోధపడలేదు. 1942లో వెర్నర్ కూన్ అనే శాస్త్రజ్ఞుడు దాని మర్మం చెప్పాడు. ఆ మర్మం విందాం.

నౌపడ ఉప్పుమళ్లు చూశారు కదా? సముద్రపు నీటిని మొదటి మడిలోకి వదులుతారు. ఎండకి కొంత నీరు ఆవిరై, నీరు చిక్కబడుతుంది. దాన్ని తరువాతి మడిలోకి మళ్లిస్తారు. అక్కడ ఇంకా చిక్కబడుతుంది. ఇలా మడి మడికీ ఉప్పదనం పెరుగుతూ, చివరి మడిలో ఉప్పు పేరుకుంటుంది. మూత్రపిండం దవ్వ కూడా ఇలాంటి ఉప్పుమళ్ల వరసే. వల్కలం దగ్గర ఉప్పదనం రక్తంతో సమానం. లోపలికి దిగినకొద్దీ పెరుగుతూ, చిట్టచివర నాలుగురెట్లవుతుంది. ఈ చిక్కదనానికి శాస్త్రజ్ఞులు పెట్టుకున్న కొలతలో చెప్పాలంటే, రక్తం సుమారు 300 పాళ్లు, దవ్వ అడుగున 1200 పాళ్లు. అయితే మూత్రపిండంలో ఎండ లేదు, ఆవిరి లేదు. మరి ఉప్పదనం ఎక్కడిదీ?

ఉట్టికి ఉన్న రెండు తాళ్లూ ఒక్క స్వభావం కలవి కావు. పైకెక్కే గొట్టం గోడలు నీటిని బయటికి పోనివ్వవు. కాని లోపలి ఉప్పుని మాత్రం కష్టపడి, శక్తి ఖర్చుపెట్టి, బయటికి తోస్తూ ఉంటాయి. ఆ ఉప్పు చుట్టుపక్కల పేరుకుంటుంది. పక్కనే ఉన్న దిగే గొట్టం దీనికి విరుద్ధం. దాని గోడల్లోంచి నీరు సులువుగా బయటికి పోతుంది. బయట ఉప్పు ఎక్కువగా ఉంది కనుక, నీరు అటు లాగబడుతుంది. ఊరగాయకి ఉప్పు కలిపితే ముక్కల్లోంచి నీరు ఊరడం మనకి తెలియనిదా?

నీరు పోగొట్టుకుని చిక్కబడ్డ ద్రవం అడుగుకి చేరి, వంపు తిరిగి, పైకెక్కే గొట్టంలోకి వస్తుంది. ఇప్పుడు ఆ గొట్టానికి ముందుకన్నా ఉప్పగా ఉన్న సరుకు అందింది. ఇంకా ఎక్కువ ఉప్పుని బయటికి తోస్తుంది. దానితో బయట ఇంకా ఉప్పనవుతుంది. దాంతో దిగే గొట్టంలోంచి ఇంకా నీరు పోతుంది. ఇలా ఒకదాన్నొకటి పెంచుకుంటూ పోతాయి. ప్రతి మెట్టులోనూ పెరిగేది కొద్దే. కాని మెట్టు మీద మెట్టు చేరి లోతున నాలుగురెట్లయి కూర్చుంటుంది. పక్కపక్కన ఉండి ఎదురెదురుగా ప్రవహించడం వల్లనే ఇది సాధ్యమైంది. గొట్టం ఉట్టిలా వంగకుండా తిన్నగా పోయి ఉంటే ఈ కిటుకు పారేది కాదు.

దవ్వలోకి వెళ్లే రక్తనాళాలు కూడా ఇలాగే దిగి, వంగి, పైకి వస్తాయి. అలా కాక రక్తం తిన్నగా ప్రవహించి వెళ్లిపోతే, కష్టపడి పోగుచేసిన ఉప్పంతా కొట్టుకుపోయేది. లోతట్టు చిక్కదనంలో ఇంచుమించు సగం యూరియాది. మనం పప్పు, చేప, గుడ్డు తిన్నప్పుడు మిగిలే వ్యర్థమే యూరియా. బయటికి పోవలసిన ఆ వ్యర్థాన్ని పారేసే ముందు కూడా కొంతసేపు పనికి వాడుకుంటుంది మూత్రపిండం. ఇంతకన్నా పొదుపరి ఇల్లాలు ఎక్కడుంటుంది చెప్పండి!

ఇక చివరి అంకం. ఉట్టి దాటి పైకి వచ్చిన ద్రవంలో ఉప్పు చాలా తగ్గిపోయింది. రక్తం కన్నా పల్చన, సుమారు 100 పాళ్లు. అది సంగ్రహణనాళం అనే గొట్టంలో పడి, మళ్లీ అదే దవ్వలోంచి, అవే ఉప్పుమళ్ల మధ్యనుంచి కిందికి దిగుతుంది. ఈ గొట్టం గోడలకి నీటి తూములు ఉన్నాయి. అవి తెరుచుకుంటే నీరు బయటి ఉప్పదనానికి లాగబడి రక్తంలోకి చేరుతుంది, మూత్రం చిక్కబడుతుంది. మూసుకుంటే నీరు అలాగే కిందికి పోతుంది. మూత్రం పల్చగా వస్తుంది. ఇలాంటి తూములు నిజంగానే ఉన్నాయని కనిపెట్టిన అమెరికా శాస్త్రజ్ఞుడు పీటర్ ఆగ్రీకి 2003లో నోబెల్ బహుమతి వచ్చింది.

తూముల తాళంచెవి మెదడు దగ్గర ఉంది. ఒంట్లో నీరు తగ్గి రక్తం చిక్కబడితే మెదడు వెంటనే పసికడుతుంది. మనకి దాహం వేయిస్తుంది. అదే సమయంలో వాసోప్రెసిన్ అనే హార్మోనుని రక్తంలోకి వదులుతుంది. అది వెళ్లి తూములు తెరుస్తుంది. రాత్రి ఏడెనిమిది గంటలు లేవకుండా నిద్రపోగలుగుతున్నామంటే చాలామటుకు దీని చలవే. సారా, బీరు తాగినప్పుడు ఈ హార్మోను తగ్గిపోతుంది. పగలంతా ఎండలో చెమటోడ్చి, సాయంత్రం దాహం తీరుతుందని తాగేవాళ్లకి ఉన్న నీరు కూడా పోతుంది. ఈ మాట మీ ఇంటి మగవాళ్ల చెవిన వేయండి.

ఇప్పుడు లెక్క చూడండి. రోజూ మన ఒంట్లోంచి మూత్రంలో పోయి తీరవలసిన వ్యర్థాలు, లవణాలు సుమారు 600 పాళ్లు. మంచి మూత్రపిండం లీటరుకి 1200 పాళ్ల దాకా చిక్కబరచగలదు. అంటే, అత్యవసరమైతే అర లీటరు నీటితో ఆ చెత్తంతా బయటికి పంపేయగలదు. అదే, చిక్కబరచే శక్తి పోయి, మూత్రం రక్తమంత పల్చగానే వస్తోందనుకోండి. ఆ 600 పాళ్లు పోవడానికి రెండు లీటర్ల నీరు కావాలి. ఎండలో ఉన్నా, నీళ్లు దొరక్కపోయినా, రాత్రి నిద్రలో ఉన్నా సరే, ఆ రెండు లీటర్లూ పోవలసిందే. మనం మొదట చెప్పుకున్న చెల్లెలి సంగతి ఇదీ. అసలే ఎండిపోయిన ఒంటినుంచి ఇంకా నీరు జారిపోతోంది. తేటగా ఉన్నది మూత్రమే గాని, ఆరోగ్యం కాదు.

సముద్రం మీదికి వేటకి వెళ్లే మన గంగపుత్రులు చుట్టూ నీళ్లున్నా తాగేనీరు వెంట తీసుకుపోవడానికి కూడా కారణం ఈ లెక్కే. సముద్రపు నీటిలో ఉన్నంత చిక్కగా ఉప్పుని మూత్రంలో పంపగల శక్తి మనిషికి లేదు. లీటరు సముద్రపు నీరు తాగితే ఆ ఉప్పుని పంపడానికి లీటరు కన్నా ఎక్కువ నీరు పోతుంది. దాహం తీరకపోగా పెరుగుతుంది.

చంటిపిల్లల తల్లులకి ఇంకొక్క మాట. పసివాళ్ల మూత్రపిండాలకి చిక్కబరచే శక్తి పెద్దవాళ్లలో సగం కూడా ఉండదు. అందుచేత విరేచనాలు పట్టుకుంటే పెద్దవాళ్ల కన్నా చాలా తొందరగా సొమ్మసిల్లుతారు. తల్లిపాలు ఆపకండి. ఓ.ఆర్.ఎస్. పొడి కలిపిన నీళ్లు పట్టండి. పొడి దొరక్కపోతే, లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు చిన్న చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, తలగొట్టి కొలిచి కలపండి. ఉప్పు ఎక్కువైతే మేలు బదులు కీడు జరుగుతుంది.

ఇక మన గడ్డ సంగతికి వద్దాం. శ్రీకాకుళం జిల్లా ఉత్తరాన, మహేంద్రగిరి కొండలకీ సముద్రానికీ నడుమ ఉన్న పచ్చని నేల ఉద్దానం. ఉద్యానవనమన్న మాటే అలా మారిందంటారు. కొబ్బరి, జీడిమామిడి, పనస. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు ప్రాంతాలు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఆ తోటల్ని నేలకూల్చింది. అది కళ్లకి కనిపించిన దెబ్బ. కనిపించని దెబ్బ అంతకుముందు ఎన్నో ఏళ్లనుంచీ తగులుతూనే ఉంది. ఇక్కడ జరిపిన సర్వేలలో పెద్దవాళ్లలో ఇంచుమించు అయిదుగురికి ఒకరి చొప్పున మూత్రపిండాల పని తగ్గినట్టు తేలింది. మామూలుగా మూత్రపిండాలు చెడడానికి చక్కెరవ్యాధి, రక్తపుపోటు ముఖ్యకారణాలు. ఇక్కడ చాలామందికి ఆ రెండూ లేవు. కూలి పనిచేసుకుని బతికే, వయసులో ఉన్న మనుషులు వీళ్లు.

విశాఖపట్నం కింగ్ జార్జి ఆసుపత్రిలో మూత్రపిండాల వైద్యులుగా పనిచేసిన డాక్టర్ టి. రవిరాజు వంటివారు ఈ వ్యాధి మీద ఏళ్ల తరబడి శ్రమించారు. దేశవిదేశాల పరిశోధకులూ వచ్చారు. నీటిలోని ఇసుకరాయి ధాతువు సిలికానా, పురుగుమందులా, ఎండా, పుట్టుకతో వచ్చిన గుణమా, నొప్పి మాత్రలా, లేక ఇవన్నీ కలిసా? ఇదీ అని ఒక్క కారణం ఇంతవరకు రుజువు కాలేదు. శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతపు రైతులలోనూ, మధ్య అమెరికాలోని నికరాగ్వా, ఎల్ సాల్వడార్ చెరకుతోటల కూలీలలోనూ ఇలాంటి జబ్బే ఉంది. మూడుచోట్లా ఎండలో వంగి పనిచేసేవాళ్లే ఎక్కువగా బలవుతున్నారు.

కారణం తేలకపోయినా దెబ్బ ఎక్కడ తగులుతోందో తేలింది. నూలు ఉండలకి మొదట పెద్ద హాని లేదు. చెడుతున్నవి గొట్టాలు, గొట్టాల నడుమ ఉన్న కండ. అక్కడ వాపు వచ్చి, మచ్చకట్టి, గొట్టాలు కుంచించుకుపోతున్నాయి. మనం ఇంతసేపూ చెప్పుకున్న నీటి పొదుపు చేసేవి ఆ గొట్టాలే. ఈ ఒక్క సంగతి తెలిస్తే ఈ జబ్బు దొంగలా ఎందుకు వస్తుందో తెలిసిపోతుంది. జల్లెడ చిరగలేదు కనుక మూత్రంలో మాంసకృత్తులు పెద్దగా పోవు. పుల్లముంచి చేసే పరీక్షలో చాలాసార్లు ఏమీ కనిపించదు. కాళ్లకీ మొహానికీ వాపు తొందరగా రాదు. రక్తపుపోటూ చాలాకాలం పెరగకపోవచ్చు. మూత్రం తగ్గకపోగా తేటగా, ఎక్కువగా అవుతుంది. బాగానే ఉందనుకుంటూ ఉండగానే సగానికి పైగా నెఫ్రాన్లు పోతాయి. పోయిన నెఫ్రాన్ మళ్లీ పుట్టదు.

అందుకని ఇంటిల్లిపాదినీ కనిపెట్టుకుని ఉండే మనం నాలుగైదు విషయాలు గమనించాలి.

మొదటిది, రాత్రి లేవడం. ఎప్పుడూ లేవనివాళ్లు రాత్రి రెండుమూడుసార్లు మూత్రానికి లేవడం మొదలుపెడితే ఊరుకోకండి. పడుకోబోయే ముందు నీళ్లు తాగితే కావచ్చు, చక్కెరవ్యాధి కావచ్చు, పెద్దవయసు మగవాళ్లకి ప్రోస్టేట్ గ్రంథి వాపు కావచ్చు. మూత్రపిండానికి చిక్కబరచే శక్తి తగ్గడమూ కావచ్చు. ఏది ఏమైనా చూపించుకోవలసిందే. పొద్దున్న లేవగానే అయ్యే మూత్రం పసుపురంగులో ఉండడం సహజం. రాత్రంతా నీళ్లు తాగకపోయినా అది రోజూ నీళ్లలా ఉంటే చెప్పవలసిన సంగతే.

రెండోది, రక్తపరీక్ష. మూత్రపరీక్ష ఒక్కటీ చేయించి ఊరుకోవద్దు. రక్తంలో క్రియాటినిన్ ఎంతుందో చూపించాలి. అందులోనూ మెలిక ఉంది. క్రియాటినిన్ మన కండలనుంచి వచ్చే పదార్థం. కండ తక్కువున్న ఆడవాళ్లకి అది తక్కువ ఉండాలి. కాగితం మీద 1.2 అని ఉంటే మామూలే అనుకుంటాం. పాతికేళ్ల యువకుడికి ఆ 1.2తో మూత్రపిండాల పని లెక్కకట్టితే 85 పైన వస్తుంది, పరవాలేదు. అరవై ఏళ్ల ఆడమనిషికి అదే 1.2తో లెక్కకట్టితే 50 దాటి కాస్తే వస్తుంది. కనుక అంకె చూసి తృప్తిపడకండి. "నా వయసుకి నా మూత్రపిండాలు నూటికి ఎంత పనిచేస్తున్నాయి డాక్టరుగారూ?" అని నోరుతెరిచి అడగండి.

మూడోది, నొప్పిమాత్రలు. ఊడ్పుల రోజుల్లో నడుంనొప్పికీ, జీడిపిక్కలు కొట్టేవాళ్లకి చేతులనొప్పికీ కొట్టులో కొనుక్కుని మింగే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ జాతి మాత్రల సంగతి. ఒంట్లో నీరు తగ్గినప్పుడు నూలు ఉండలోకి వచ్చే రక్తం తగ్గకుండా మూత్రపిండం ఒక ఏర్పాటు చేసుకుంటుంది. ఈ మాత్రలు సరిగ్గా ఆ ఏర్పాటునే దెబ్బతీస్తాయి. చెమటోడ్చిన రోజున ఈ మాత్ర వేసుకోవడమంటే ఎండిన చెరువుకి గండి కొట్టడమే. ఏమి కలిపారో తెలియని పసరుమందుల సంగతీ అంతే. కొన్ని రకాల మొక్కలు గొట్టాలని నేరుగా చంపుతాయి.

నాలుగోది మన సంగతే. పొలంలో, ఫ్యాక్టరీలో, బస్సు ప్రయాణంలో మరుగుదొడ్డి ఉండదని ఆడవాళ్లు పొద్దున్నుంచి గొంతు తడుపుకోరు. నీళ్లు తక్కువ తాగితే ఆ గొడవే ఉండదనుకుంటారు. మూత్రపిండం ఎంత పొదుపరి అయినా అర లీటరు కన్నా తగ్గించలేదని చెప్పుకున్నాం కదా? అంతకన్నా తక్కువైతే చెత్త రక్తంలోనే మిగిలిపోతుంది. మూత్రం ఆపుకుంటే సూక్ష్మక్రిములు చేరి మూత్రపిండాలదాకా ఎగబాకవచ్చు. పనిచేసేచోట మరుగుదొడ్డి కావాలని పదిమంది కలిసి అడగడం సిగ్గుపడవలసిన విషయం కాదు. కూలిడబ్బులు అడిగినంత న్యాయమైన కోరిక అది.

అయిదోది, తాగడం. ఎండలో పనిచేసేవాళ్లు దాహం వేసేదాకా ఆగకుండా అరగంటకోసారైనా గ్లాసెడు నీళ్లు తాగాలి, నీడన కాసేపు కూచోవాలి. మన పెద్దలు పొలానికి పట్టుకెళ్లే చోడి అంబలి, మజ్జిగ మంచివే. అయితే ఇది ఆరోగ్యంగా ఉన్నవాళ్ల మాట. మూత్రపిండాల పని బాగా తగ్గినవాళ్లు ఎంత తాగాలో, ఎంత ఉప్పు తినాలో వైద్యుడే చెప్పాలి. మరీముఖ్యం, ఉద్దానంలో ప్రతి పెరట్లోనూ దొరికే కొబ్బరిబొండాం. అందులో పొటాషియం ఎక్కువ. మంచి మూత్రపిండం దాన్ని బయటికి పంపేస్తుంది. చెడిన మూత్రపిండం పంపలేదు. అది రక్తంలో పెరిగితే గుండె ఆగిపోయే ప్రమాదం ఉంది. జబ్బుమనిషికి నీరసంగా ఉందని ప్రేమకొద్దీ బొండాం కొట్టి ఇచ్చే ముందు డాక్టరుని అడగండి.

ఆసరా లేదనుకోకండి. సోంపేట, పలాస, కవిటి, హరిపురం వంటిచోట్ల డయాలసిస్ కేంద్రాలు ఏర్పడ్డాయి. పలాసలో 200 పడకల మూత్రపిండాల ఆసుపత్రి, పరిశోధనాకేంద్రం 2023 డిసెంబరు 14న ప్రారంభమయ్యాయి. హిరమండలం జలాశయం నుంచి వంశధార నీటిని శుద్ధిచేసి ఉద్దానం ఊళ్లకి అందించే పథకమూ ఆ రోజే మొదలైంది. కాని డయాలసిస్ అంటే వారానికి రెండుమూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు యంత్రం పక్కన పడుకోవడం. కూలి పోతుంది, తోడువెళ్లిన మనిషి కూలీ పోతుంది. ఆ తోడువెళ్లేది ఎక్కువగా భార్య, కాకపోతే తల్లి. ఆ యంత్రం రక్తాన్ని శుభ్రపరచగలదు గాని, ఇరవై లక్షల గొట్టాలు రాత్రింబగళ్లు గడియ గడియకీ చేసే ఆ సర్దుబాటు దాని వల్ల కాదు. అక్కడిదాకా పోకుండా ముందే పట్టుకోవడమే మన చేతిలో ఉన్న పని.

మరో బాధ ఉంది. ఉద్దానం ఊళ్లకి పిల్లనివ్వడానికీ, అక్కడి పిల్లని చేసుకోవడానికీ బయటివాళ్లు వెనకాడుతున్నారని పత్రికల్లో వస్తూనే ఉంది. ఆ భయంతో పరీక్ష చేయించుకోవడానికే జంకుతున్నారు కొందరు. తెలిస్తే సంబంధాలు చెడతాయని గుట్టుగా ఉంచుతున్నారు. ఇది ఒకరినుంచి ఒకరికి అంటుకునే జబ్బు కాదు. కలిసి తిన్నా, కాపురం చేసినా రాదు. పెళ్లిమాటలు జరిగే ఇళ్లలో ఈ సంగతి చెప్పగలిగేది మనమే. ఒక కుర్రాడికి పాతికేళ్లప్పుడు తెలిస్తే జాగ్రత్తలతో ఎన్నో ఏళ్లు నెట్టుకురావచ్చు. దాచిపెట్టి నలభై ఏళ్లకి తెలిస్తే మిగిలేది యంత్రమే.

మీ ఇంట్లో ఎండన పనిచేసే వాళ్లెందరో లెక్కపెట్టుకోండి. వాళ్లు చివరిసారి క్రియాటినిన్ పరీక్ష చేయించుకున్నది ఎప్పుడో అడగండి. "రాత్రి ఎన్నిసార్లు లేస్తున్నారు?" అని కూడా అడగండి. ఆ లెక్కలో మిమ్మల్ని మీరు మరిచిపోకండి.